‘చెయ్యాలి’ అన్నది ఎవరు?

మా ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం ఉంది. 2024 డిసెంబర్ 31 రాత్రి రాసింది. పైన 2025 అని పెద్దగా, కింద ఇరవై ఐదు వరుసలు. కొల్లూరు నుంచి నార్సింగి దాకా సైకిల్ తొక్కాలి. మంజీరా మొసళ్ళను చూడాలి. జొన్నరొట్టె చేత్తో గుండ్రంగా తట్టడం నేర్చుకోవాలి. బీదర్ బస్సెక్కి, దిగి, ఒక చాయ్ తాగి, అదే రోజు తిరిగి రావాలి. కొండాపూర్ మ్యూజియంలో శాతవాహనుల నాణేలు చూడాలి. ఒక ఆదివారం మొత్తం ఫోన్ ముట్టకూడదు. ‘కాశీయాత్ర చరిత్ర’ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవాలి.

ఏడాది అయ్యేసరికి పదకొండింటికి టిక్ పడింది. రొట్టె ఇప్పటికీ తెలంగాణ మ్యాపులానే వస్తోంది.

ఆ పదకొండు ఎలా చేశానో చెప్పడానికి కాదు ఇది రాస్తున్నది. అలాంటివి మీరు చాలానే చదివుంటారు, నేనూ చదివాను. ముప్ఫై దాటేలోపు చూడాల్సినవి, నూరు రోజుల్లో నూరు చిన్న పనులు, ఏడాదిలో యాభై రెండు కొత్త రుచులు. ఈ నాలుగైదేళ్ళలో తెలుగులో ఇదొక ప్రక్రియ అయిపోయింది. కొంత రీల్స్‌గా, కొంత ఫేస్‌బుక్ పోస్టులుగా, కొంత పుస్తకాలుగా కూడా వస్తోంది. రాసేవాళ్ళలో మంచి చెయ్యి ఉన్నవాళ్ళున్నారు. అయినా వరుసగా ఐదు చదివితే ఏది ఎవరిదో గుర్తుండదు. ఎందుకు గుర్తుండదన్నది నా ప్రశ్న. నా కాగితం కూడా వాటిలో ఒకటే కాబట్టి, దాన్ని పక్కన పెట్టుకునే మాట్లాడతాను.

తెలుగులో దీన్ని కోరికల చిట్టా అంటున్నాం. తమాషా మాట. చిట్టా అంటే పద్దుల పుస్తకం. పొద్దుటి నుంచి వచ్చిందీ పోయిందీ షావుకారు సాయంత్రం కూచుని రాసుకునేది, తర్వాత అందులోంచి ఆవర్జాలోకి ఎక్కించేది. అంటే జరిగిపోయినవాటి లెక్క. ఆ మాట తీసుకెళ్ళి ఇంకా జరగనివాటికి తగిలించాం. తగిలించడంలో తప్పేం లేదు గానీ, చిట్టాలో ఒక సుగుణం ఉండేది: ఎవరికి ఇచ్చాం, ఎవరి దగ్గర తెచ్చాం అన్న పేరు లేకుండా పద్దు పడేది కాదు. కోరికల చిట్టాలో ఆ పేరే ఎగిరిపోయింది.

వ్యాకరణంలో చూడండి. ‘చెయ్యాలి’ అన్న క్రియకు మన భాషలో మనిషి లేడు. నేను చెయ్యాలి, నువ్వు చెయ్యాలి, వాళ్ళు చెయ్యాలి, అన్నింటికీ అదే రూపం. చేశాను, చేసింది, చేశారు అన్నప్పుడు మాత్రమే చేసినవాళ్ళు బయటపడతారు. నా కాగితం మీద ఇరవై ఐదు ‘ఆలి’లు ఉన్నాయి. ఎవరి కాగితమో తెలీదు. నా పేరు కొట్టేసి గచ్చిబౌలిలో ఉండే ఏ స్నేహితురాలి పేరు రాసినా సరిపోతుంది. మంజీరా బదులు హుస్సేన్‌సాగర్ అనీ, బీదర్ బదులు వరంగల్ అనీ మారిస్తే చాలు. ఈ మధ్య లిస్టు రచనల్లో చాలావరకు పని జరిగిపోయాక కూడా ‘ఆలి’ భాషలోనే ఉంటాయి. వెళ్ళాను అని రాస్తారు గానీ వెళ్ళిన మనిషి కనబడదు. కొండ ఎక్కారు, సూర్యోదయం చూశారు, మనసు తేలికైంది. కొండకు తీసుకెళ్ళిన ఆటో ఆయన ఎంత అడిగాడో, దారిలో ఏం మాట్లాడాడో ఉండదు. ఉంటే ఆ వ్యాసం ఆ ఒక్క మనిషిదైపోయేది.

ఇదేమీ కొత్త జబ్బు కాదు, పాతవాళ్ళంతా దీన్ని దాటి రాశారనీ కాదు. కానీ ఒకాయన దాటాడు.

ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీం కోర్టులో హెడ్ ఇంటర్‌ప్రెటర్. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, హైదరాబాద్, నాగపూర్ మీదుగా కాశీ వెళ్ళి, గయ, కలకత్తా చూసుకుని, తూర్పు తీరం వెంట దిగి, 1831 సెప్టెంబర్ 3న ఇల్లు చేరాడు. పదిహేను నెలల పైచిలుకు. ఆ కాలానికి కాశీ అంటే లిస్టులో చివరి వరుస. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం అన్న సామెత ఊరికే పుట్టలేదు. అలాంటి ఒక్క వరుసకు టిక్ పెట్టడానికి బయల్దేరిన మనిషి రాసిన పుస్తకంలో కాశీ ఎంత ఉండాలి? నేను ముందు దానికోసమే చదవడం మొదలుపెట్టాను, గమ్యం ఎప్పుడొస్తుందా అని. రాదు. ఊరు, ఊరికీ ఊరికీ మధ్య ఎన్ని ఆమడలు, దారి రాళ్ళదా ఇసుకదా, మజిలీలో బియ్యం పప్పు దొరుకుతాయా, నీళ్ళు ఎలాంటివి, దిగడానికి చోటుందా. మళ్ళీ ఇంకో ఊరు. మొదటి వంద పేజీలకి విసుగొచ్చి రెండుసార్లు వదిలేశాను. నిజం చెప్పాలంటే సెప్టెంబర్‌లో టిక్ కోసమే మళ్ళీ తెరిచాను.

అప్పుడు పట్టుకుంది. ఆయన ఇవన్నీ తన కోసం రాసుకోవడం లేదు. కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళె అనే స్నేహితుడికి రాసిన ఉత్తరాలవి. వెనక ఇంకొకరు ఇదే దారిలో వస్తారు, వాళ్ళకి ఇక్కడ పప్పు దొరకదు అన్న సంగతి తెలియాలి. అందుకే ఆ వాక్యం. పప్పు దొరకదు అన్న వాక్యంలో ఒక చదివేవాడు ఉన్నాడు, వాడి ఆకలి ఉంది. వీరాస్వామయ్య 1836లో పోయాడు. పుస్తకం అచ్చయింది 1838లో, ఆ స్నేహితుడి పూనికతో. అంటే ఈ టిక్ కూడా రెండో మనిషే పెట్టాడు. మన భాషలో తొలి యాత్రాగ్రంథం అని మనం గొప్పగా చెప్పుకునే పుస్తకం ఒకరి చేతిలో మొదలై ఇంకొకరి చేతిలో పూర్తయింది. ‘నా ప్రయాణం, నా అన్వేషణ’ అని అట్టల మీద వేసుకునే మనకి ఈ సంగతి కొంచెం ఇబ్బందిగా ఉండాలి.

అలాగని ఆయన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. వీరాస్వామయ్య పల్లకీలో వెళ్ళాడు. మోసినవాళ్ళు బోయీలు. సామాను మోసినవాళ్ళు, వంటవాళ్ళు, కావలివాళ్ళు, అంతా కలిపి వంద మంది దాకా ఉన్న బలగం. వాళ్ళూ కాశీ చూశారు. ఇంకా చెప్పాలంటే, కాళ్ళతో నడిచి చూసింది వాళ్ళే. వాళ్ళ కోరికల్లో కాశీ ఉందో లేదో, ఉంటే ఎన్నో నంబరో, ఆ పుస్తకం చెప్పదు. అది నా చదువుకి అడ్డంపడే ముల్లు. దారి గురించి అంత శ్రద్ధగా రాసిన కంటికి దారి మీద పడిన పాదాలు ఎందుకు ఆననట్టు? ఆయన దయలేనివాడు కాదు. అది ఆ ప్రక్రియకున్న గుడ్డిచోటు. లిస్టు ఎప్పుడూ మోయించుకునేవాడి చేతిరాతలోనే ఉంటుంది.

కర్దనూర్‌లో ఉంటూ ఈ మాట రాయడం తేలిక, ఎందుకంటే ఇక్కడ కిటికీ తెరిస్తే అదే కనబడుతుంది. అటు కొల్లూరు, ఇటు పటాన్‌చెరు, పక్కనే ఔటర్ రింగ్ రోడ్డు. గాలి మళ్ళిన రాత్రి మందుల వాసన. 2023 అక్టోబర్‌లో ఔటర్ వెంట సోలార్ పలకల కప్పుతో సైకిల్ ట్రాక్ తెరిచారు. మొత్తం 23 కిలోమీటర్లు, అందులో నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఒక ముక్క. నా లిస్టులో ఆరో నంబరు అదే. మార్చిలో ఒక శనివారం తెల్లవారుజామున అద్దె సైకిల్ మీద వెళ్ళాను. నున్నటి దారి, నెత్తిన నీడ. చాలా బాగుంది, అబద్ధం ఎందుకు. తిరిగి వచ్చేటప్పుడు, ట్రాక్ అయిపోయిన చోట నుంచి ఇంటిదాకా సర్వీస్ రోడ్డు మీద తొక్కాల్సి వచ్చింది. అక్కడ నాకు ఎదురుగా సైకిళ్ళు వస్తున్నాయి. హ్యాండిల్‌కి టిఫిన్ క్యారియర్, వెనక సీటు మీద మడిచిన గోనె. పొద్దుటి షిఫ్టుకి పోయేవాళ్ళు. లారీల పక్క నుంచి, కప్పు లేకుండా, నాకంటే రెట్టింపు వేగంతో. నేను చేసింది సాహసం, వాళ్ళు చేసేది డ్యూటీ. ఇంటికొచ్చి టిక్ పెట్టాను. ఆ రాత్రే దాని మీద చక్కటి పోస్టు రాసి, అందులో ఆ సైకిళ్ళను వదిలేశాను. కావాలని కాదు. వ్యాసం ‘కుదరడం’ లేదని. ప్రక్రియ ఒత్తిడి అంటే ఏంటో నాకు ఆరోజే అర్థమై ఉండాల్సింది.

జూన్ 30 సోమవారం. మాకు దగ్గర్లోనే పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో పేలుడు. నలభై మందికి పైగా పోయారు, చాలామంది వేరే రాష్ట్రాల నుంచి పని కోసం వచ్చినవాళ్ళు. ఆ వారం మా దగ్గర లిస్టు అన్న మాటకి వేరే అర్థం ఉండింది. లిస్టులో ఉన్నాడా, ఏ లిస్టులో ఉన్నాడు, ఆస్పత్రి లిస్టా, దొరకనివాళ్ళ లిస్టా. షేర్ ఆటోలో మనుషులు ఫోన్లో అదే అడుగుతున్నారు, హిందీలో, ఒడియాలో, ఇంకేవో భాషల్లో. ఇంటికొచ్చి ఫ్రిజ్ మీద నా కాగితం చూసి సిగ్గుపడ్డానని రాస్తే అది మరీ సినిమాలా ఉంటుంది. సిగ్గుపడలేదు. నీళ్ళ బాటిల్ తీసుకుని తలుపు మూశాను. కానీ ఆ తర్వాత రెండు నెలలు ఒక్క టిక్ కూడా పడలేదు, ఎందుకని నన్నెవరూ అడగలేదు.

సినిమా అన్నాను కాబట్టి ఒక మాట. ‘బకెట్ లిస్ట్’ అన్న మాటని ప్రపంచమంతా తిప్పింది 2007లో అదే పేరుతో వచ్చిన హాలీవుడ్ సినిమా. చావుకి దగ్గరైన ఇద్దరు ముసలాళ్ళు లిస్టు పట్టుకుని తిరుగుతారు. ఇద్దరిలో ఒకడు కోటీశ్వరుడు, బిల్లు కట్టేది అతనే. మన దగ్గర దానికి దగ్గరి చుట్టం 2015లో నాగ్ అశ్విన్ తీసిన ‘ఎవడే సుబ్రమణ్యం’. ఇందులోనూ కాశీ ఉంది, దూద్ కాశీ. చచ్చిపోయిన స్నేహితుడి చిన్ననాటి కోరికని మోసుకుని, పైకెదగడం తప్ప ఇంకేమీ తెలియని కార్పొరేట్ కుర్రాడు హిమాలయాలెక్కుతాడు. సినిమా మీద నాకు ప్రేమ ఉంది, అది వచ్చినప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. ఇప్పుడు చూస్తే దాని బలం టైటిల్లోని ప్రశ్నలో లేదు, కోరిక ఇంకొకరిది కావడంలో ఉంది. సుబ్రమణ్యం తన లిస్టుతో పోలేదు, రిషి లిస్టుతో పోయాడు. అది గొప్ప ఆలోచన. కానీ కొండెక్కాక సినిమా ఆ స్నేహితుణ్ణి మరిచి, ఎక్కినవాడి మారుమనసు మీద కూచుంది. అక్కణ్ణుంచి మన కుర్రాళ్ళ లిస్టుల్లో మంచుకొండ ఒక తప్పనిసరి వరుసైంది. మారడానికి అంత ఎత్తు ఎక్కాలా, అంత సెలవు ఎవరిస్తారు అని అడగడం అరసికత అనిపించుకుంటుందని తెలుసు. అయినా పొద్దుటి షిఫ్టు సైకిళ్ళు చూశాక అడగకుండా ఉండలేను.

దీనికి విరుగుడుగా నాకు దొరికింది ఎక్కడో దూరంలో ఒక ఫ్రెంచి రచయిత. జార్జ్ పెరెక్ 1981లో రేడియో కోసం ఒక లిస్టు చేశాడు, చచ్చేలోగా తను చెయ్యాల్సిన పనులని. ముప్ఫై ఏడు. మొదటిది ఏంటో తెలుసా? పారిస్‌లో టూరిస్టులు ఎక్కే పడవ ఎక్కడం. పుట్టిపెరిగిన ఊళ్ళో, రోజూ కళ్ళముందు తిరిగే పడవ. తర్వాత పుస్తకాల బీరువా సర్దుకోవడం లాంటివి. చివర్లో, ఇక కుదరనివి కూడా రాశాడు: అప్పటికే చచ్చిపోయిన ఇద్దరు రచయితల్ని కలవడం. మరుసటేడు మార్చిలో పెరెక్ పోయాడు, నలభై ఆరు నిండకుండానే. నాకు ఆ లిస్టు ఎందుకు నచ్చిందంటే, కుదరని వాటిని కొట్టెయ్యలేదు. మన లిస్టుల్లో కుదరనివి ఉండవు. కుదిరేవే రాసుకుంటాం, లేదా కుదరనివాటిని డిసెంబర్‌లో నెమ్మదిగా చెరిపి రాస్తాం. నేను ‘ఇరవై నాలుగు పుస్తకాలు’ని అక్టోబర్‌లో ‘పన్నెండు’ చేశాను. కాగితం మీద వైట్‌నర్ మచ్చ ఇంకా ఉంది.

ఇక్కడి పడవ ఏది అని ఆలోచిస్తే మంజీరా గుర్తొచ్చింది. చిన్నప్పటి నుంచి మా ఇంట్లో నల్లా నీళ్ళని ‘మంజీర వచ్చిందా’ అనే అడుగుతారు. మంజీర అంటే నాకు నల్లా. ఆ నీళ్ళు వచ్చే బ్యారేజీ సంగారెడ్డి దాటాక కల్పగూరు దగ్గర, మాకు నలభై కిలోమీటర్ల లోపే. ఆ నీళ్ళలోనే మొసళ్ళ అభయారణ్యం, 1978 నుంచి. నవంబర్‌లో అమ్మని తీసుకుని వెళ్ళాను. మొసలి కనబడిందా అంటే, దూరంగా ఒక రాయి కనబడింది. అది కదిలిందని అమ్మ, కదల్లేదని నేను. అక్కడే కాకతీయుల నాటి గుడి ఒకటుంది. ఆ దేవుడి పేరు కాశీ విశ్వేశ్వరుడు. వీరాస్వామయ్యకి పదిహేను నెలలు, సుబ్రమణ్యానికి ఒక సినిమా, మాకు రెండు బస్సులూ ఒక ఆటో. గుడి మండపంలో కూచుని సద్ది తింటూ అమ్మ నా ఫోన్లో ఉన్న కాగితం ఫొటో పెద్దది చేసి చదివింది. మొత్తం చదివి అంది:

"గివన్ని నువ్వొక్కదానివే చేసేటియే గద బిడ్డా. ఒక్క మనిషి పేరన్న ఉన్నదా గీండ్ల?"

నేను పదిహేను వందల పదాల్లో చెప్పబోయిన విమర్శ అది. ఇంటికొచ్చాక తన ట్రంకు పెట్టెలోంచి ఒక నోటుబుక్కు తీసి చూపించింది.

సంక్రాంతి నోముల పుస్తకం. తెలంగాణలో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం: ఏటా సంక్రాంతికి ఆడవాళ్ళు ఏదో ఒక వస్తువు నోముకుని, పదమూడు మందికి పంచుతారు. గవ్వలు, అద్దాలు, దువ్వెనలు, స్టీలు గిన్నెలు, ఈమధ్య ప్లాస్టిక్ డబ్బాలు. ఏ ఏడు ఏది నోముకుందో మళ్ళీ అదే రాకుండా అమ్మ రాసిపెట్టుకుంది. 2001 నుంచి 2019 దాకా పంతొమ్మిది సంక్రాంతులు. ఏడు, వస్తువు, కింద పదమూడు పేర్లు. పేర్లు అంటే పేర్లు కావు. పక్కింటామె. కిరాణం షాపామె. నర్సమ్మ. నీళ్ళ ట్యాంకు కాడి అక్క. బీహారామె, అని 2013లో ఒకసారి, 2014లో మళ్ళీ, తర్వాత లేదు. కంపెనీ క్వార్టరు, కిరాయిల్లు, ఇంకో కిరాయిల్లు, మేం మారినప్పుడల్లా పేర్లు మారిపోయాయి. మొత్తం 247 వరుసలు. మళ్ళీ మళ్ళీ వచ్చినవి తీసేస్తే ఒక తొంభై మంది. ఈ పారిశ్రామికవాడ మీద సర్వేలు చేసినవాళ్ళున్నారు, కథలు రాసినవాళ్ళున్నారు. ఏ ఇంటి గడప పక్కన ఏ ఊరి మనిషి ఎన్నేళ్ళు నిలబడిందో ఇంత కచ్చితంగా చెప్పిన పుస్తకం నేను చదవలేదు. బీహారామె 2015లో ఎక్కడికి పోయింది?

ఇప్పుడు నేను ‘చూశారా, మన అమ్మల దగ్గరే అన్నీ ఉన్నాయి’ అని ముగిస్తే బాగానే ఉంటుంది, షేర్లూ వస్తాయి. కానీ నోము కూడా ఒక ప్రక్రియే, దానికీ గుడ్డిచోటు ఉంది. గుళ్ళ ముందు దొరికే నోముల కథల పుస్తకాలు తెరవండి. చాలా కథలకు ఒకటే నడక. ఒకామె నోము పట్టింది, మరిచింది, కష్టాలపాలైంది, ఎవరో గుర్తుచేశారు, మళ్ళీ పట్టింది, సుఖపడింది. అక్కడ ‘చెయ్యాలి’కి మనిషి ఉంది గానీ ఆ మనిషి భయపడుతూ ఉంది. ఆ పదమూడు మందిలో ఎవరుండొచ్చో ఎవరుండకూడదో కూడా నియమమే. ముత్తైదువలు మాత్రమే. ఇచ్చేదీ ముత్తైదువే.

నోటుబుక్కు 2019తో ఆగిపోయింది. నాన్న ఆ ఏడు వానాకాలంలో పోయాడు. తర్వాతి పేజీకి అమ్మ గీతలు కొట్టి పెట్టుకుంది, 2020 అని కూడా రాసింది, బహుశా పాత అలవాటుకి ముందుగానే. వస్తువు లేదు, పేర్లు లేవు. 2022లో మేం కర్దనూర్ ఫ్లాట్‌కి వచ్చాం. నాలుగో అంతస్తు. మూడేళ్ళలో అమ్మకి ఈ బిల్డింగులో తెలిసిన గడపలు రెండు, అందులో ఒకటి వాచ్‌మన్ గది. పంతొమ్మిదేళ్ళు తొంభై మందిని కూడేసిన ప్రక్రియ, ఆమెకి మనుషులు అవసరమైన ఏడాదే ఆమెని బయటికి పంపింది. లిస్టులో మనుషులు లేకపోవడం ఒక లోపమైతే, ఉన్న మనుషుల్ని లిస్టు వడబోయడం ఇంకో లోపం. రెండోది ఎక్కువ బాధిస్తుంది, ఎందుకంటే అక్కడ ఒకప్పుడు చోటుండింది.

అందుకని పాత నోముని కొత్త బకెట్ లిస్టుకి జవాబుగా చూపించే వ్యాసాలు, మన సంస్కృతిలో ఇవన్నీ ముందే ఉన్నాయి తరహావి, నాకు నచ్చవు. ఆదినారాయణ ‘భ్రమణ కాంక్ష’ లాంటి పుస్తకం నచ్చుతుంది. ఆంధ్రా యూనివర్సిటీలో బొమ్మల పాఠాలు చెప్పిన మాస్టారు, కాలినడకన దేశం తిరిగాడు. నడిచేవాడికి పొద్దుగూకితే ఎవరో ఒకరి అరుగు కావాలి, కాబట్టి అతని పేజీల్లోకి మనుషులు నియమంగా కాదు, అవసరంగా వస్తారు. నడకలో ఉన్న సుళువు అది. పల్లకీ ఎక్కినవాడికి అరుగు అక్కర్లేదు, నాలుగో అంతస్తులో లిఫ్టు ఎక్కేవాళ్ళకీ అక్కర్లేదు. మన కొత్త లిస్టు రచయితలు హిమాలయాల బదులు ఒకసారి ఎవరి సాయమైనా అడగాల్సిన పని ఒకటి పెట్టుకుంటే వాక్యం మారుతుందేమో.

ఈ జనవరి మొదటివారంలో కొత్త కాగితం పెడదామని పాతది పీకబోతే, కింద ఇరవై ఆరో వరుస ఉంది. నా రాత కాదు. ‘13 ఇండ్లు’ అని మాత్రమే. క్రియ లేదు.

నోము కాదంది అమ్మ. బొట్టు పెట్టేది లేదు, వాయనం లేదు. సంక్రాంతికి ఎట్లాగూ సకినాలు చుడతాం, అవి డబ్బాల్లో పెట్టి మా అంతస్తు నుంచి మొదలుపెట్టి బెల్ కొట్టుకుంటూ పోవడమే. ఎవరు తీస్తే వాళ్ళు. డబ్బాలు మోసేది నేను, మాట్లాడేది అమ్మ. తలుపు తీయగానే ఏమని చెప్పాలో మొదటి రెండిళ్ళలో ఆమెకీ తెలియలేదు. ‘పండుగకు చేసినం’ అంది. మూడో ఇంట్లో ఒడిశా కుర్రాళ్ళు నలుగురు, సకినం తినడమెలాగో అడిగారు. ఐదో ఇంట్లో ఒక అత్తమ్మ లోపలికి రమ్మని గంటసేపు వదల్లేదు. ఆరో ఇంట్లో తలుపు కొంచెమే తీసి, వద్దమ్మా, మేం కొనం అన్నారు. అమ్మ దాన్ని కూడా లెక్కలో వేసింది. బెల్ అయితే కొట్టినం గద అని.

రాత్రికి పాత నోటుబుక్కు తీసి, ఎప్పుడో గీతలు కొట్టి పెట్టుకున్న ఖాళీ పేజీలో 2020 కొట్టేసి 2026 రాసింది. కింద ఏడు పేర్లు. ‘కొనం అన్నామె’ ఆరోది. ఎనిమిదో గడప మీద చిన్న చీటీ అంటించి ఉంది, నైట్ డ్యూటీ, పగలు బెల్ కొట్టొద్దు అని. సాయంత్రం ఆరింటికి మళ్ళీ పోదామంది అమ్మ, లేచి డ్యూటీకి తయారయ్యే టైముకి.